ఇరవై వేలలో రోడ్ బైకు చక్రాలు: నల్లగొండ, పాలమూరు రోడ్ల మీద ఏవి నిలుస్తాయి

ముందే తీర్పు చెప్పేస్తే చదివేవాళ్లకు సులువు. టైర్లతో కలిపి 20,000 రూపాయలు పెట్టగలిగితే, మన జిల్లాల్లో నడిచే రోడ్ బైకుకు అన్నిటికన్నా తగినది షిమానో హబ్బు (చక్రం నడిమి భాగం) మీద చేత్తో కట్టించిన 32 పుల్లల (స్పోకుల) అల్యూమినియం చక్రం. రెండో స్థానం షిమానో ఆర్ఎస్100 లాంటి ఫ్యాక్టరీ జతది. ఆన్‌లైన్‌లో దొరికే పేరూ ఊరూ లేని సీల్డ్ బేరింగ్ జతలు, చవక కార్బన్ చక్రాలు ఈ డబ్బుకు కొనదగ్గవి కావు.

ఈ వరుస బరువును బట్టి వేసింది కాదు, బాగుచేయించుకునే వీలును బట్టి వేసింది. మిర్యాలగూడలోనో వనపర్తిలోనో అచ్చంపేటలోనో పుల్ల తెగితే ఆ చక్రం ఆ ఊళ్లోనే మళ్లీ నిలబడాలి. ప్రతి చిన్నదానికీ హైదరాబాద్ పోవాల్సి వస్తే బండి వారాల తరబడి గోడకు ఆనుకునే ఉంటుంది.

అసలు మార్చాలా?

బండితో వచ్చిన చక్రాలు జత 2,000 నుంచి 2,300 గ్రాముల దాకా తూగుతాయి. ఈ బడ్జెట్‌లో దొరికే మంచి జత 1,850 నుంచి 1,900 గ్రాములు. అంటే మిగిలేది మహా అయితే 300, 400 గ్రాములు. మనిషి, బండి, నీళ్ల సీసాలు కలిపి 85 కిలోలు అనుకుంటే 300 గ్రాములంటే ఒక శాతంలో మూడో వంతు. శ్రీశైలం డ్యాం దగ్గర నుంచి దోమలపెంట వైపు ఎక్కే ఘాట్ లాంటి ఎత్తు మీద గంటసేపు తొక్కినా దీనివల్ల మిగిలేది పన్నెండు సెకన్లు, అదీ ఎక్కువలో ఎక్కువ. తిరిగే బరువు రెట్టింపు లెక్క అనే మాట వేగం పెంచేటప్పుడే వర్తిస్తుంది. ఒకే వేగంతో పోతున్నప్పుడు చక్రంలోని గ్రాము, సీసాలోని గ్రాము రెండూ ఒకటే.

టైర్ల సంగతి అలా కాదు. బండితో వచ్చే గట్టి తీగ టైర్ల నుంచి మెత్తటి రబ్బరు, సన్నటి నేత ఉన్న మంచి మడత టైర్లకు మారితే గంటకు 30 కిలోమీటర్ల వేగం దగ్గర రెండిటికీ కలిపి 10 నుంచి 20 వాట్ల కష్టం తగ్గుతుంది. ఈ ధరలో ఏ చక్రం మార్చినా అంత లాభం రాదు. కాబట్టి వేగం కోసమే ఆలోచిస్తున్నవాళ్లు ముందు టైర్లు మార్చి, పాత చక్రాల బెండు తీయించి, ఓ నెల తొక్కి చూడండి. చాలామందికి అక్కడితో సరిపోతుంది.

చక్రం నిజంగా మార్చాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. రిమ్ బ్రేకు బండి అయితే బ్రేకు రుద్దే గోడను చూడండి. అరుగుదల గుర్తుగా ఉండే గాడి గానీ చిన్న గుంట గానీ కనబడకుండా పోయినా, గోడకు అడ్డంగా స్కేలు పెడితే మధ్యలో లోతు తెలిసినా ఆ రిమ్ము పని అయిపోయింది. అలాంటి గోడ గాలి ఒత్తిడికి బయటికి విచ్చుకుని ఒక్కసారిగా పగులుతుంది. ఎండాకాలం దిగుడులో పగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకొకటి పుల్లలు. ఒక పుల్ల తెగడం మామూలే, మార్చుకుని పోవచ్చు. మూడోది కూడా తెగిందంటే మిగతావీ అలసిపోయాయని లెక్క. పుల్ల సాధారణంగా హబ్బు దగ్గర వంపులోనే తెగుతుంది, కారణం బిగువు చాలకపోవడం. బిగువు తక్కువైతే చక్రం తిరిగిన ప్రతిసారీ కింద ఉన్న పుల్ల పూర్తిగా వదులై, పైకి వచ్చేసరికి మళ్లీ లాగబడుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తెంపినట్టే అది అరిగి తెగుతుంది. మిషన్ మీద కట్టిన చవక చక్రాల్లో బిగువు ఒక పుల్లకూ ఇంకో పుల్లకూ పొంతన లేకుండా ఉంటుంది. రిమ్మూ హబ్బూ బాగుంటే వెనుక చక్రానికి కొత్త పుల్లలు వేయించి సమంగా బిగిస్తే చాలు, కొత్త జత అక్కర్లేదు.

7 గేర్ల బండ్లలో మరో ఇబ్బంది. వీటిలో చాలావాటికి వెనుక మర బిగించే ఫ్రీవీల్ (గేరు పళ్లూ రాచెట్టూ ఒకే ముక్కగా ఉండేది) ఉంటుంది. దానిలో కుడివైపు బేరింగు లోపలికి ఉండిపోయి, ఇరుసు కొస ఆధారం లేకుండా బయటికి చాచి ఉంటుంది. గుంతలో పడ్డప్పుడల్లా అక్కడ వంగి చివరికి విరుగుతుంది. క్యాసెట్ (విడిగా ఎక్కించే గేరు పళ్ల గుత్తి) హబ్బులో బేరింగు అంచుదాకా వస్తుంది కాబట్టి ఆ బాధ ఉండదు. కాబట్టి ఈ బండ్లకు చక్రం మార్చడం నిజంగానే పనికొచ్చే ఖర్చు.

కొనేముందు కొలవాల్సినవి

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. వెనుక ఫోర్కు లోపలి వెడల్పు స్కేలుతో కొలవండి. రిమ్ బ్రేకు రోడ్ బైకుకు 130 మిల్లీమీటర్లు, క్విక్ రిలీజ్ (మీటతో బిగించే సన్న కడ్డీ) ఉన్న డిస్క్ బండికి 135, త్రూ ఆక్సిల్ (ఫ్రేము గుండా దూర్చి బిగించే లావు ఇరుసు) అయితే 142, ఇరుసు లావు 12. ముందు 100. 130 ఫ్రేములో 135 హబ్బును బలవంతంగా ఎక్కించకండి. అల్యూమినియం ఫ్రేము అతుకు దగ్గర చిట్లుతుంది, గేరు హ్యాంగర్ (వెనుక గేర్లు మార్చే డిరైలర్‌ను తగిలించే చోటు) కూడా వంకర పోతుంది.

తర్వాత ఫ్రీహబ్, అంటే హబ్బులో క్యాసెట్ ఎక్కే భాగం. షిమానో 8, 9, 10 గేర్ల క్యాసెట్లకు ఒకే పొడవు ఫ్రీహబ్, 11 గేర్ల రోడ్ క్యాసెట్‌కు అది 1.85 మిల్లీమీటర్లు పొడుగు. 11 గేర్ల హబ్బు కొంటే దానిమీద పాత 8, 9, 10 క్యాసెట్ కూడా ఎక్కుతుంది, వెనకాల 1.85 రింగు వేస్తే చాలు. కొన్ని 10 గేర్ల క్యాసెట్లకు ఇంకో 1 మిల్లీమీటరు రింగు కావాలి. 7 గేర్ల క్యాసెట్ అయితే 4.5 రింగు, దానికి తోడు ఆ 1.85. రింగు మరిస్తే క్యాసెట్ ఎంత బిగించినా కటకటలాడుతుంది, గేర్లు ఒక్కటీ సరిగ్గా కూర్చోవు. ఇవాళ 8 గేర్లు నడుపుతున్నా 11 గేర్ల హబ్బే తీసుకోండి. షిమానో 12 గేర్ల రోడ్ క్యాసెట్ కూడా దానిమీదే ఎక్కుతుంది కాబట్టి బండి మారినా చక్రం పనికొస్తుంది. షిమానోలో ఆర్ఎస్300 హబ్బు 10 గేర్ల దాకానే. ఆర్ఎస్400, 105 వర్గం ఆర్7000 హబ్బులు 11కు వస్తాయి. ధరలో తేడా ఉంటుంది కాబట్టి దుకాణంలో అడిగేటప్పుడు నంబరు చెప్పి అడగండి.

డిస్క్ బండి అయితే రోటర్ (బ్రేకు పళ్లెం) ఆరు బోల్టులదా, మధ్యలో ఒకే రింగుతో బిగించే సెంటర్‌లాకా అన్నది చూసుకోవాలి. సెంటర్‌లాక్ హబ్బు మీద ఆరు బోల్టుల రోటర్‌ను అడాప్టరుతో వేయొచ్చు, తిరగేసి కుదరదు.

రిమ్ము లోపలి వెడల్పు 17 నుంచి 19 మిల్లీమీటర్లు ఉంటే 25 నుంచి 32 టైర్ల దాకా హాయిగా పడతాయి. పాత 13, 15 రిమ్ముల మీద అలవాటైన టైరు వెడల్పు రిమ్ము మీద ఇంకాస్త లావు తేలుతుంది. లోపలి వెడల్పు 1 మిల్లీమీటరు పెరిగితే టైరు సుమారు 0.4 పెరుగుతుంది. 25 అని రాసిన టైరు 19 రిమ్ము మీద 27 దాకా వస్తుంది. ఫ్రేముకూ టైరుకూ మధ్య అన్నివైపులా కనీసం 4 మిల్లీమీటర్ల సందు మిగలాలి. వానకాలంలో రేగడి మట్టి అంటుకున్నప్పుడు ఆ సందే బండిని నడిపిస్తుంది.

హుక్‌లెస్ (టైరును పట్టే అంచు కొక్కెం లేని) రిమ్ము జోలికి పోకండి. దానికి ట్యూబ్‌లెస్ టైరే వేయాలి, లోపల ట్యూబు పెట్టినా సరే. గాలి 72.5 పీఎస్ఐ దాటకూడదు. పంచర్ దుకాణంలో కంప్రెసర్‌తో గాలి కొట్టించుకునే అలవాటున్న చోట ఇది ప్రమాదం.

కట్టించుకునే చక్రం

ఇక్కడ వాడాల్సిన సరుకు సూటిగా చెప్పుకోవచ్చు. 32 రంధ్రాల షిమానో ఆర్ఎస్400 లేదా ఆర్7000 హబ్బు. డీటీ స్విస్ ఆర్460 లాంటి రిమ్ము. ఇది లోపల 18, ఎత్తు 23 మిల్లీమీటర్లు, తూకం 460 గ్రాముల దగ్గర, ట్యూబ్‌లెస్‌కూ పనికొస్తుంది, డిస్క్ బండికి వేరే రకం ఉంది. పుల్లలు స్టెయిన్‌లెస్ స్టీలువి, వంపు తల ఉన్నవి. నిప్పిల్స్ (పుల్లను రిమ్ముకు బిగించే చిన్న మరలు) ఇత్తడివి. మూడు క్రాసుల అల్లిక, అంటే ఒక్కో పుల్ల మూడు పుల్లలను దాటుతుంది.

పుల్లలు 2.0 మిల్లీమీటర్ల సాదావి వేయాలా, మధ్యలో 1.8కి సన్నబడే బటెడ్‌వి వేయాలా? రెండు చక్రాలకూ కలిపి బరువు తేడా అరవై గ్రాముల దగ్గరే ఉంటుంది. అయినా బటెడ్‌వే అడగండి. సన్నటి నడుము కాస్త సాగుతుంది కాబట్టి దెబ్బ తగిలినప్పుడు బిగువు పూర్తిగా సడలిపోదు, వంపు దగ్గర ఒత్తిడి తగ్గుతుంది. డబ్బు చాలకపోతే వెనుక చక్రానికి ఎడమవైపు మాత్రమైనా బటెడ్ వేయించండి. కారణం ఉంది. క్యాసెట్‌కు చోటిచ్చేందుకు వెనుక హబ్బు కుడి చెవి (పుల్లలు తగిలే అంచు) లోపలికి జరిగి ఉంటుంది. కుడి పుల్లలు నిటారుగా, గట్టిగా ఉంటే, ఎడమ పుల్లలు వాలుగా, దాదాపు సగం బిగువుతో ఉంటాయి. ఎప్పుడూ వదులయ్యేవి ఆ ఎడమవే. అందుకే మంచి పనివాళ్లు ఎడమ నిప్పిల్స్‌కు మరిగించిన అవిసె నూనె పూస్తారు. అది ఆరి జిగురులా పట్టుకుని నిప్పిల్ తనంతట తాను తిరగకుండా ఆపుతుంది, కీ వేస్తే మాత్రం తిరుగుతుంది.

ఇత్తడి నిప్పిల్ ఒక్కోటి దాదాపు ఒక గ్రాము, అల్యూమినియంది మూడో వంతు. మొత్తం మీద మిగిలేది నలభై గ్రాములు. ఆ నలభై గ్రాముల కోసం అల్యూమినియం పెట్టుకుంటే రెండు వానకాలాలకు పుల్ల మరకు అంటుకుపోయి, తిప్పబోతే మూలలు గుండ్రమైపోతాయి. ఇక ఆ చక్రం బెండు తీయడం ఎవరివల్లా కాదు.

కట్టే మనిషిని ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు అడగండి. టెన్షన్ మీటర్ (పుల్ల బిగువు కొలిచే పరికరం) ఉందా? వెనుక కుడివైపు ఎంతకు బిగిస్తారు? కట్టాక పుల్లలను జంటలుగా చేత్తో గట్టిగా నొక్కి మళ్లీ సరిచూస్తారా? వెనుక కుడి పుల్లలు 110 నుంచి 120 కేజీఎఫ్ (కిలోల బలం) మధ్య, ముందు చక్రానివి 100 దగ్గర ఉండాలి. రిమ్ము కంపెనీ ఇచ్చిన గరిష్ఠ పరిమితి దాటకూడదు. ఒకే వైపు పుల్లల మధ్య తేడా పదో వంతు మించకూడదు. నొక్కి సరిచూడని చక్రం మొదటి రోజు రోడ్డెక్కగానే టకటక చప్పుడు చేస్తుంది. బిగించేటప్పుడు మెలిపడ్డ పుల్లలు విప్పుకునే చప్పుడు అది, వెంటనే బెండు వస్తుంది.

మన ఊళ్ల సైకిల్ షాపుల్లో చెయ్యి తిరిగినవాళ్లు ఉన్నారు. 32, 40 పుల్లల పాత సైకిళ్లు దశాబ్దాలుగా కడుతున్నవాళ్లకు అల్లిక కొత్త కాదు. వాళ్ల దగ్గర ఉండనిది రెండే. ఒకటి టెన్షన్ మీటర్, రెండోది సరైన కీ. డీటీ నిప్పిల్ చదరం 3.2 మిల్లీమీటర్లు, మామూలు సైకిల్ నిప్పిల్ కాస్త లావు. షాపులోని కీ దీనిమీద వదులుగా జారి మూలలు తినేస్తుంది. కాబట్టి ఆ సైజు కీ ఒకటి కొని వెంట తీసుకెళ్లండి. కొత్తగా కట్టించడం మాత్రం మీటర్ ఉన్నచోట, హైదరాబాద్‌లో రోడ్ బైకులు చూసే సర్వీసుల్లో చేయించడమే మేలు. నల్లగొండ నుంచి గానీ మహబూబ్‌నగర్ నుంచి గానీ చక్రాలను ఆర్టీసీ కార్గోలో పంపొచ్చు. క్విక్ రిలీజ్ కడ్డీ తీసేసి, ఇరుసు కొసలకు అట్ట కట్టి, రెండు చక్రాల మధ్య మందపాటి అట్ట పెట్టి పంపండి. కట్టేవాళ్లకు పుల్ల పొడవు లెక్కకు హబ్బు, రిమ్ము చేతిలో ఉండాలి. ఇంటర్నెట్‌లో ఎవరో రాసిన పొడవు చూసి పుల్లలు ముందే తెప్పించకండి. రెండు మిల్లీమీటర్లు తక్కువైతే నిప్పిల్ మెడ దగ్గరే విరుగుతుంది, ఎక్కువైతే మర అయిపోయి బిగువు రాదు.

షిమానో హబ్బులో కప్పు, కోను, గోళీలు ఉంటాయి. చాలామంది దీన్ని పాతకాలపు పద్ధతి అనుకుంటారు. మనకు ఇదే వరం. వెనుక చక్రంలో సాధారణంగా ఒక్కో వైపు పావు అంగుళం గోళీలు తొమ్మిది, ముందు 3/16 అంగుళం గోళీలు పది ఉంటాయి. ఈ గోళీలు ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతాయి. ఏడాదికోసారి, వానకాలం అయ్యాక విప్పి కిరోసిన్‌తో కడిగి, కొత్త గ్రీజు, కొత్త గోళీలు వేస్తే ఆ హబ్బు ఏళ్ల తరబడి నడుస్తుంది. కోను మీద గుంటలు పడితే కోను మార్చాలి. కప్పు మీద పడితే హబ్బే పోయినట్టు. అందుకే గరగర చప్పుడు మొదలైన రోజే విప్పించాలి. క్విక్ రిలీజ్ బిగిస్తే ఇరుసు కాస్త నొక్కుకుంటుంది కాబట్టి, చక్రం బయట ఉన్నప్పుడు వెంట్రుకవాసి ఆట ఉంచి, బండికి బిగించాక ఆ ఆట పోయేలా కోను సర్దాలి. బయటే ఆట లేకుండా బిగిస్తే బండిలో చక్రం పట్టేస్తుంది, గోళీలు కప్పును తినేస్తాయి.

మొత్తం ఖర్చు అనుకున్నది దాటుతుంటే ఒక ఉపాయం. వెనుక చక్రం ఒక్కటే కట్టించండి. బరువులో ఎక్కువ భాగం దానిమీదే పడుతుంది, తెగే పుల్లలన్నీ దాదాపు దానివే. ముందు పాతదే ఉంచి బెండు తీయించుకుంటే చాలు. పాత హబ్బు షిమానోదై, 32 రంధ్రాలదై, కప్పులు నునుపుగా ఉంటే హబ్బు కూడా కొనక్కర్లేదు. 85 కిలోలు దాటినవాళ్లు వెనుక 36 రంధ్రాలది అడగండి.

ఫ్యాక్టరీ జత

షిమానో ఆర్ఎస్100 జత 1,900 గ్రాముల దగ్గర ఉంటుంది, రిమ్ బ్రేకు బండికి. లోపల అదే కప్పూ కోనూ. విడిభాగాలు వెతికే ఓపిక లేనివాళ్లకు ఇది మంచి సరుకు, పెట్టె తెరిచి క్యాసెట్ వేసుకుని బయల్దేరొచ్చు. హబ్బు నమ్మకమైనది, సీలు బాగుంటుంది.

లోటు పుల్లల దగ్గరే. ఇలాంటి జతల్లో 20, 24 పుల్లలే ఉంటాయి. 32 పుల్లల చక్రంలో ఒకటి తెగితే కాస్త ఊగుతుంది, బ్రేకు కొంచెం తెరిచి ఇల్లు చేరొచ్చు. 20 పుల్లల దాంట్లో ఒకటి తెగితే రిమ్ము ఒక పక్కకు లాగేసి ఫ్రేముకే రాసుకుంటుంది, దేవరకొండకూ డిండికీ మధ్య బండిని భుజాన వేసుకోవాల్సిందే. కొంటే మాత్రం ముందుకు, వెనుక కుడికి, వెనుక ఎడమకు రెండేసి అదనపు పుల్లలు అదే ఆర్డరులో తెప్పించండి. మూడు చోట్లా పొడవు ఒకటే కాకపోవచ్చు. తర్వాత వెతికితే దొరుకుతాయన్న భరోసా లేదు. శంషాబాద్‌లో డెకత్లాన్ ఉంది కాబట్టి పాలమూరు వాళ్లు హైవే మీద పోతూ ట్యూబులు, టేపు, మామూలు సామాను చూసుకోవచ్చు. ఫలానా చక్రానికి ఫలానా పొడవు పుల్ల కావాలంటే మాత్రం ఎక్కడైనా ఆర్డరు పెట్టి ఎదురుచూడాల్సిందే.

పేరులేని సీల్డ్ బేరింగ్ జతలు, కార్బన్

పేరులేని జతల్లో కొన్ని నిజంగా బాగానే తిరుగుతాయి. అయితే ఏది బాగుంటుందో పెట్టె తెరిచేదాకా తెలియదు. కొనాలనే ఉంటే అమ్మేవాళ్లను బేరింగ్ నంబర్లు అడగండి. 6001 ఉంటే ధైర్యంగా కొనొచ్చు. మోటార్లు, ట్రాక్టర్ల సామాను అమ్మే ఏ బేరింగ్ దుకాణంలోనైనా అది ఉంటుంది. 6902, 6903, 6802 లాంటి పలుచటివి అయితే జిల్లా కేంద్రంలో దొరకడం కష్టం, ఒకేసారి రెండు సెట్లు తెప్పించి ఉంచుకోవాలి. బేరింగు మీద 2ఆర్ఎస్ అని ఉండాలి, రెండు వైపులా రబ్బరు సీలు ఉందని అర్థం. జడ్‌జడ్ అంటే రేకు మూత, వాననీళ్లు ఆగవు. ఫ్రీహబ్ అల్యూమినియందైతే క్యాసెట్ పళ్లు దానిలోకి దిగి గాట్లు పడతాయి, మళ్లీ క్యాసెట్ తీయాలంటే సుత్తి పట్టాల్సి వస్తుంది. ఫ్రీహబ్ స్టీలుదైతేనే తీసుకోండి.

రిమ్ బ్రేకు బండికి చవక కార్బన్ రిమ్ము వద్దే వద్దు. ఈగలపెంట దాటాక డ్యాం దాకా దిగే ఘాట్‌లో బ్రేకు పట్టి ఉంచితే వేడంతా రిమ్ములోకే పోతుంది. అల్యూమినియం ఆ వేడిని గాలికి వదిలేస్తుంది. కార్బన్ వదలలేదు, లోపలి రెసిన్ మెత్తబడి గోడ ఉబ్బుతుంది. బయట ఎండ 44 డిగ్రీలు ఉన్న రోజు ఇంకా త్వరగా. డిస్క్ బండికి ఈ భయం లేదు. అక్కడ సమస్య గాలి. 50 మిల్లీమీటర్ల ఎత్తు రిమ్ము ముందు చక్రానికి వేస్తే 65వ నంబరు హైవే మీద చిట్యాల, నార్కట్‌పల్లి దగ్గర బస్సు దాటినప్పుడల్లా హ్యాండిల్ పక్కకు గుంజుతుంది. జడ్చర్ల దాటి కర్నూలు వైపు చెట్టూ చేమా లేని బయలులో అడ్డగాలికి అదే తీరు. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం ధరకు కలుపుకోండి. వారంటీ కింద వెనక్కి పంపాలంటే ఆ రవాణా ఖర్చు కూడా చాలాసార్లు మన నెత్తినే పడుతుంది.

టైర్లు, ముళ్లు, గాలి

20,000లో అయిదు వేలైనా టైర్లకు, ట్యూబులకు, టేపుకు పక్కన పెట్టండి. 28 వెడల్పు టైరు ఫ్రేములో పడితే అదే వేయండి. మన రోడ్ల మీద రిమ్మును కాపాడేది లావు టైరే. నాట్ల సమయంలో ట్రాక్టర్లు కేజ్ వీల్స్‌తోనే తారు రోడ్డెక్కుతాయి, ఆ గాట్లలో 23 టైరు దిగితే రిమ్ము అంచు సొట్టపోవడం ఖాయం. యాసంగి కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, గట్టు రాళ్లు పెడతారు. గడ్డి పోచలు క్యాసెట్ వెనుక చుట్టుకుంటే అదే రోజు తీసేయండి, లేదంటే సీలులోకి దూరి దుమ్మును లోపలికి లాగుతాయి.

70 కిలోల మనిషికి 28 టైరులో వెనుక 70 నుంచి 75, ముందు 62 నుంచి 68 పీఎస్ఐ చాలు. తెల్లవారుజామున 25 డిగ్రీల్లో 80 కొట్టిన టైరు గాలి 45 డిగ్రీలకు చేరితే 86 దాకా పెరుగుతుంది. ఎండలో నిలిపితే ఇంకా. దానితో నేరుగా టైరు పేలదు. పేలేది రిమ్ము టేపు జారినచోట. చవక రబ్బరు పట్టీ వేడికి మెత్తబడి పక్కకు జరుగుతుంది, నిప్పిల్ రంధ్రం అంచు ట్యూబును కోస్తుంది. పంచరు ఎప్పుడూ ట్యూబు లోపలి వైపే పడుతుంటే కారణం ఇదే. గుడ్డ టేపు గానీ, రిమ్ము లోపలి వెడల్పు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు వెడల్పున్న ట్యూబ్‌లెస్ టేపు గానీ వేయించండి.

సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు, హైవే అంచున పేలిన లారీ టైర్ల సన్నటి తీగలు: మన పంచర్లు చాలావరకు ఈ మూడింటివే. ట్యూబ్‌లెస్ మొదటి రెండిటికీ బాగా పనిచేస్తుంది. 28 టైరుకు 30 నుంచి 45 మిల్లీలీటర్ల సీలెంట్ పోయాలి. ఎండాకాలం అది త్వరగా ఎండిపోతుంది, మార్చి నుంచి జూన్ దాకా రెండు నెలలకోసారి చూసి కలపాలి. ఆ పని చేయలేనివాళ్లు ట్యూబులే వాడుకోవడం మంచిది, ఎండిన సీలెంట్ ఉన్నా లేనట్టే. తీగ ముక్క మాత్రం టైరులోనే ఉండిపోయి కొత్త ట్యూబును కూడా పొడుస్తుంది. దూది ఉండతో టైరు లోపల తుడిస్తే ఎక్కడ పట్టుకుంటే అక్కడ తీగ ఉన్నట్టు, చిన్న పట్టకారుతో లాగేయండి.

పంచర్ షాపులో గాలి కొట్టాలంటే రోడ్ బైకు సన్నటి ప్రెస్టా వాల్వుకు ఇత్తడి అడాప్టర్ కావాలి, ఒకటి ఎప్పుడూ సంచిలో ఉంచండి. ఊళ్లో షాపువాళ్లు 28 అంగుళాల టైరు ఉందంటే తీసుకోకండి. అది పాత సైకిల్ సైజు, కూర్చునే కొలత 635 మిల్లీమీటర్లు. రోడ్ బైకు 700సీ కొలత 622. చూడ్డానికి ఒకటే అనిపిస్తుంది, రిమ్ము మీద మాత్రం నిలవదు.

చక్రం చేతికొచ్చాక

టైరు వేయకముందే చూడండి. బండికి బిగించి, ఫ్రేముకు ఒక ప్లాస్టిక్ ట్యాగు కట్టి కొసను రిమ్ముకు ఆనీ ఆనకుండా ఉంచి తిప్పండి. పక్కకు ఊగడం అర మిల్లీమీటరు లోపు ఉండాలి. ముందు చక్రాన్ని తిరగేసి బిగించినా రిమ్ము అదే మధ్యలో నిలవాలి, పక్కకు జరిగిందంటే డిష్ (రిమ్ము నడిమధ్యలో నిలవడం) తప్పింది. పుల్లలను వేలితో మీటితే ఒకే వైపువి ఒకే శ్రుతిలో పలకాలి, ఒకటి బొంగురుగా మోగితే అది వదులు. రిమ్ బ్రేకు చక్రం అయితే అతుకు దగ్గర వేలు రాయండి. అక్కడ మెట్టు తగిలితే బ్రేకు వేసిన ప్రతిసారీ గుద్దుతుంది, వాపసు పంపేయండి.

క్యాసెట్ లాక్‌రింగును 40 న్యూటన్ మీటర్లకు బిగించాలి. చక్రం మారితే క్యాసెట్ చోటు వెంట్రుకవాసి మారుతుంది, కాబట్టి వెనుక డిరైలర్ హద్దు స్క్రూలు మళ్లీ సరిచూడండి. పెద్ద పన్ను వైపు స్క్రూ వదులుగా ఉంటే చైను పుల్లల్లోకి దూకి, ఒక్క క్షణంలో హ్యాంగరూ డిరైలరూ కుడి పుల్లలూ పోతాయి. రిమ్ బ్రేకు అయితే కొత్త రిమ్ము వెడల్పుకు తగ్గట్టు కేబుల్ వదలండి. పాత ప్యాడ్లలో ఇరుక్కున్న ఇసుక రవ్వలు, అల్యూమినియం తునకలు సూదితో తీసేయండి, లేకపోతే కొత్త రిమ్ము గోడ మీద మొదటి వారంలోనే గీతలు పడతాయి.

200 నుంచి 300 కిలోమీటర్లు తిరిగాక చక్రాన్ని కట్టినవాళ్ల దగ్గరికే మళ్లీ తీసుకెళ్లి బిగువు చూపించండి. కొత్త పుల్లలు హబ్బు చెవుల్లో సర్దుకుని కొంచెం వదులవుతాయి. ఈ సర్వీసు ఛార్జీలో కలిపే ఉందో లేదో మొదట డబ్బు కట్టేటప్పుడే మాట్లాడుకోండి. దాంతోపాటు వెనుక కుడి, ఎడమ పొడవుల పుల్లలు రెండేసి, నిప్పిల్స్ నాలుగు అడిగి తీసుకుని, సీటు కింద గొట్టంలో గుడ్డ చుట్టి పెట్టుకోండి. కుడివైపు పుల్ల తెగితే క్యాసెట్ తీయకుండా కొత్తది దూర్చడం కుదరదు కాబట్టి, దూరం పోయేటప్పుడు లాక్‌రింగు టూలు కూడా సంచిలో ఉండాలి. తిప్పడానికి స్పానరు, క్యాసెట్‌ను పట్టి ఉంచడానికి పాత చైను ముక్క ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతాయి.